మీకు తెలుసా? ఒకే కాగితం మీద రెండు ఉత్తరాలు!

19వ శతాబ్దపు అమెరికా కుటుంబాల ఉత్తరాల్లో కొన్ని చూడగానే గళ్ల గుడ్డలా కనిపిస్తాయి. పేజీ నిండా రాశాక, కాగితాన్ని పక్కకు తిప్పి, ఆ వరుసల మీదుగానే మళ్లీ రాసేవారు. కారణం తపాలా ఖర్చు. 1845 దాకా అక్కడ రుసుము కాగితాల లెక్కన, దూరాన్ని బట్టి ఉండేది. 400 మైళ్లు దాటితే ఒక్క కాగితానికే 25 సెంట్లు, రెండైతే రెట్టింపు. కవరు పెడితే అదీ ఒక కాగితం కిందే లెక్క! అందుకే ఉత్తరాన్నే మడిచి, లక్కతో అంటించి, పైన చిరునామా రాసేవారు. పైగా ఆ డబ్బు చాలాసార్లు ఉత్తరం అందుకున్నవారే కట్టాల్సి వచ్చేది. దూరాన ఉన్న అమ్మకు, అక్కకు భారం కాకూడదన్న ఆరాటం ఆ ఇరుకు గీతల్లో ఎంత ఉందో!

1845లో బరువు లెక్క వచ్చి ధరలు దిగాయి. 1847లో తొలి జాతీయ తపాలా బిళ్లలు వచ్చాయి: 5 సెంట్ల బిళ్ల మీద ఫ్రాంక్లిన్, 10 సెంట్ల దాని మీద వాషింగ్టన్. అయినా కాగితం పొదుపు కోసం ఈ అడ్డరాత చాలాకాలం సాగింది. చదవడం అనుకున్నంత కష్టం కాదు. ఒక దిశలోని వరుసల మీదే చూపు నిలిపితే, రెండోవి నెమ్మదిగా మరుగవుతాయి.