కుక్క మేని నిగనిగకు కోడిగ్రుడ్డు

చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో కుక్క లేని పల్లె కానరాదు. వేరుశనగ చేనిని అడవిపందులు త్రవ్విపోకుండ కాచునది కుక్క. గొఱ్ఱెల మంద వెంట గుట్టలెక్కి దిగునది కుక్క. రాత్రివేళ మామిడితోపులో ఆకు కదలినను మొఱిగి యజమానిని మేల్కొలుపునది కుక్క. ఇంత సేవ చేయు ప్రాణికి మనము సాధారణముగా పెట్టునది మిగిలిన సంగటి, పలుచని మజ్జిగ, లేదా ఆ పూట అడుగంటిన అన్నము. కొంతకాలమునకు దాని వెండ్రుకలు గరుకెక్కి, కాంతి తప్పి, చేతితో నిమిరినంతనే ఊడివచ్చుచుండును. అప్పుడు ఇరుగుపొరుగువారు “దినమునకొక పచ్చిగ్రుడ్డు పోయుము, నిగనిగలాడును” అని సలహా చెప్పుదురు. ఈ సలహాలో నిజమెంత, పొరపాటెంత అను విషయమును ఇచ్చట విచారింతము.

వెండ్రుక దేనితో తయారగును?

కుక్క వెండ్రుకలో అధికభాగము కెరటిన్ అను ఒక విధమైన మాంసకృత్తు. కుక్క తినిన మాంసకృత్తులలో పెద్ద భాగము చర్మమును, వెండ్రుకలను పెంచుటకే వ్యయమగును. ఆహారములో మాంసకృత్తులు చాలనపుడు శరీరము ముందుగా గుండె, కాలేయము మొదలగు ముఖ్యావయవములను కాపాడుకొనును. చర్మమునకు, వెండ్రుకలకు వంతు తగ్గును. కనుక ఇంటిలో ధాన్యము తగ్గిన సంగతి గాదె చూడగానే తెలిసినట్లు, కుక్కకు తిండి చాలని సంగతి దాని మేను చూడగానే తెలియును.

రాగి మంచి ధాన్యమే. ఎముకలకు కావలసిన కాల్షియము అందు సమృద్ధిగా కలదు. కాని మాంసకృత్తులు నూటికి ఏడు పాళ్లు మాత్రమే. క్రొవ్వు మరియు స్వల్పము. కేవలము సంగటి మీద బ్రతుకు కుక్కకు కడుపు నిండును గాని మేను నిండదు.

కోడిగ్రుడ్డు ఈ కొఱతను కొంతవఱకు తీర్చగలదు. సుమారు 50 గ్రాముల గ్రుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల క్రొవ్వు ఉండును. ఈ మాంసకృత్తులు కుక్కకు సులభముగా జీర్ణమగును. పచ్చసొనలోని క్రొవ్వులో లినోలిక్ ఆమ్లము కలదు. ఇది కుక్క శరీరము స్వయముగా తయారు చేసికొనలేని పదార్థము. ఇది లోపించిన చర్మము పొడిబారి, వెండ్రుకలు కాంతి తప్పును. ‘ఏ’ విటమిను, బయొటిన్ అను ‘బి’ జాతి విటమిను కూడ పచ్చసొనలో ఉన్నవి. కావున గ్రుడ్డు మేనికి మంచిదన్న మాట నిజమే.

ఉడకని తెల్లసొనలోని చిక్కు

అయితే పచ్చిగ్రుడ్డు పోయుమనుట సరికాదు. 1927వ సంవత్సరమున లండను నగరములో మార్గరెట్ బోవాస్ అను శాస్త్రజ్ఞురాలు ఎలుకలకు ఉడకని తెల్లసొనను ముఖ్యాహారముగా పెట్టి పరిశీలించెను. వాటి చర్మము చెడి, వెండ్రుకలు రాలిపోయినవి. కాలేయము తినిపించినంతట తిరిగి కోలుకొన్నవి. కారణము తరువాతి పరిశోధనలలో తేలినది. తెల్లసొనలో అవిడిన్ అను పదార్థము కలదు. అది బయొటిన్‌ను గట్టిగా పట్టుకొని, ఒంటికి పట్టనీయక వెలుపలికి కొనిపోవును. గ్రుడ్డును బాగుగా ఉడికించిన అవిడిన్ తన శక్తిని కోల్పోవును. వెండ్రుకల కొఱకు పెట్టిన గ్రుడ్డే వెండ్రుకలకు చేటు తెచ్చుట ఎంత వింత!

ఎప్పుడో ఒక పచ్చిగ్రుడ్డు త్రాగినంతనే కుక్కకు ఈ ముప్పు రాదు. కాని పచ్చిగ్రుడ్లతో మఱియొక ప్రమాదము కలదు. వాటిలో సాల్మొనెల్లా అను సూక్ష్మజీవులు ఉండవచ్చును. కుక్కకు పైకి జబ్బు కనపడకున్నను, దాని మూతి నుండి, మలము నుండి ఈ సూక్ష్మజీవులు ఇంటిలోని పిల్లలకు సోకి విరేచనములు, జ్వరము కలుగజేయగలవు. కోళ్లఫారములలో పగిలినవని, మురిగినవని పారవేయు గ్రుడ్లను తెచ్చి కుక్కలకు పోయుట ఇందువలననే తగదు. వేఱొక చిక్కు ఏమనగా, పచ్చిగ్రుడ్డు రుచి మరగిన కుక్క ఇరుగుపొరుగు పెరళ్లలో పొదుగు కోళ్ల గంపలను వెదకును. దాని వలన వచ్చు తగవులు పల్లెవాసులకు తెలియనివి కావు.

ఎంత పెట్టవలెను? ఎట్లు పెట్టవలెను?

పది కిలోల బరువు గల కుక్కకు దినమునకు సుమారు 600 కాలరీల ఆహారము కావలెను. ఒక గ్రుడ్డులో 70 కాలరీలున్నవి. అదనపు తిండి మొత్తము ఆహారములో పదింట ఒక వంతునకు మించకుండుట మేలు. కనుక మన ఊరి కుక్కలకు దినము విడిచి దినము ఒక గ్రుడ్డు చాలును. చిన్నపిల్లలకు పావుభాగముతో మొదలుపెట్టవలెను.

గ్రుడ్డును పది పండ్రెండు నిమిషములు నీటిలో ఉడికించి, పెంకు తీసి, చిదిపి సంగటిలో కలుపవలెను. ఉప్పు, కారము వేయరాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తురును చెఱచును. కనుక ఉల్లిపాయలతో చేసిన గ్రుడ్డుకూరను, వేపుడును ఎన్నడును పెట్టరాదు. గ్రుడ్డు తినిన తరువాత వాంతి, విరేచనము, లేక దురద కనిపించిన వెంటనే మానివేయవలెను. కొన్ని కుక్కలకు గ్రుడ్డు సరిపడదు.

గ్రుడ్డు ముట్టని ఇండ్లవారు నిరాశ చెందనక్కఱలేదు. పెరుగు, మెత్తగా ఉడికిన పప్పు కొంత మాంసకృత్తునిచ్చును. లినోలిక్ ఆమ్లమునకు మన సీమలో పండు వేరుశనగయే చాలును. సంగటిలో ఒక చిన్న చెంచాడు వేరుశనగ నూనె కలిపిన ఆ కొఱత చాలవఱకు తీరును. కాని బూజు పట్టిన కాయలను, చెక్కను కుక్కకు పెట్టరాదు. ఆ బూజులో పుట్టు అఫ్లాటాక్సిన్ అను విషము కుక్క కాలేయమును చెఱచి ప్రాణము తీయగలదు.

ఏమి పెట్టినను ఫలితము మఱునాడే కనబడదు. క్రొత్త వెండ్రుక మొలచి పెరుగవలెను గదా! ఆఱు నుండి ఎనిమిది వారములు ఓపిక పట్టవలెను.

గ్రుడ్డు కుదర్చలేని జబ్బులు

ఇచ్చట ముఖ్యముగా గమనింపవలసిన విషయమొకటి కలదు. వెండ్రుకలు రాలుటకు తిండి లోపమొక్కటే కారణము కాదు. చెవులలో, కాలివ్రేళ్ల నడుమ గోమార్లు గుంపులుగా పట్టి నెత్తురు పీల్చుచుండవచ్చును. కడుపులో పురుగులుండవచ్చును. చెవుల అంచులు, మోచేతులు బోడిబారి, చర్మము మందమెక్కి, కుక్క రాత్రింబగళ్లు గోకికొనుచున్నచో అది గజ్జి. ఒక రకపు గజ్జి కుక్కను ఎత్తుకొని ఆడించు పిల్లల చర్మమునకు కూడ సోకి దద్దురులు పుట్టించును. ఇట్టి కుక్కకు ఎన్ని గ్రుడ్లు పెట్టినను ప్రయోజనము లేదు.

గజ్జికి వాహనములలో వాడివేసిన నూనె పూయుట, కిరసనాయిలు రాయుట, పంటలకు చల్లు పురుగుమందును మేనికి పట్టించుట కొన్నిచోట్ల కనబడును. కుక్క ఆ మందును నాకి విషము పాలగును. గొఱ్ఱెలకు వాడగా మిగిలిన మందును అందాజుగా కుక్కకు వేయుటయు అపాయకరమే. దగ్గఱలోని పశువైద్యశాలకు కొనిపోవుటయే సరియైన మార్గము. తిరుపతిలో 1955వ సంవత్సరమున పశువైద్య కళాశాల ఏర్పడినది. 2005వ సంవత్సరమున శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము వెలసినది. ఇంతటి విద్యాస్థానము చెంతనుండగా నాటు ప్రయోగములతో మూగజీవిని హింసించుట ఎందులకు?

బిడ్డ తరువాతనే కుక్క

గ్రుడ్డు వెల పేదయింట చిన్నది కాదు. అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు, పసిబిడ్డలకు ఇచ్చు గ్రుడ్డు, బడిలో మధ్యాహ్న భోజనముతో పెట్టు గ్రుడ్డు వారి కొఱకు ఉద్దేశింపబడినవి. వాటిని కుక్కకు మళ్లించుట తగదు. తల్లికి, బిడ్డకు కావలసినంత పెట్టిన పిమ్మట మిగిలిననాడే కుక్క వంతు. మిగులనినాడు పైన చెప్పిన పెరుగు, పప్పు, చెంచాడు నూనె చాలును.

గ్రుడ్డుకన్న ముందు చేయవలసిన పని మఱొకటి కలదు. అది వెఱ్ఱికుక్క వ్యాధి రాకుండ టీకా వేయించుట. ఈ వ్యాధి లక్షణములు బయటపడిన పిమ్మట మనిషి బ్రతుకుట మిక్కిలి అరుదు. పిల్లకు మూడవ నెలలో టీకా వేయించి, వైద్యుడు చెప్పిన ప్రకారము ఏటేట మరల వేయించుచుండవలెను. 1885 జూలై 6వ తేదీన లూయీ పాశ్చర్ మహాశయుడు కుక్కకాటుకు గురియైన ఒక బాలునికి తొలిసారి ఈ టీకా నిచ్చి కాపాడెను. ఆ దినమును పురస్కరించుకొని పలుచోట్ల పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుదురు. కుక్క కరచినచో గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. పసరులు, కారము పెట్టి కాలము గడపరాదు.

కావున గ్రామసోదరులారా, సోదరీమణులారా! కుక్కను దగ్గఱకు పిలిచి మేనంతయు ఒకసారి వెదకి చూడుడు. గోమార్లుండిన తీయించుడు, గజ్జి యుండిన వైద్యునకు చూపుడు, టీకా వేయించుడు. ఆ పిమ్మట వీలున్ననాడు ఉడికిన గ్రుడ్డొకటి సంగటిలో చిదిపి పెట్టుడు. మేని నిగనిగ దానంతట అదే వచ్చును. మన వాకిట ఆడుకొను బిడ్డలకు ఆ కుక్క వలన భయముండదు.