‘అబ్బాయిలైతే బాగుంటుంది’

గాజువాకలో ఐటీఐ పిల్లలను ఉద్యోగాలకు పంపే పని నాది. కంపెనీల నుంచి వచ్చే ఫోన్ చాలాసార్లు ఒకే తీరున ఉంటుంది: “మేడమ్, పదిమంది ఫిట్టర్లు కావాలి. అబ్బాయిలైతే బాగుంటుంది.” మెయిల్‌లో మాత్రం ఆ చివరి ముక్క ఉండదు. ఒకే రకం పనికి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఆడవాళ్ళ పట్ల వివక్ష చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది. అది వాళ్ళకూ తెలుసు. అందుకే నోటిమాటగా చెబుతారు.

ఎందుకని అడిగితే బరువుల మాట పెద్దగా రాదు, బరువుకి క్రేను ఉంది. సి షిఫ్టు, అంటే రాత్రి షిఫ్టు మాట వస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాత్రి ఆర్పేసి పొద్దున్నే వెలిగించడం కుదరదు కదా. ఉక్కు ఫ్యాక్టరీ మూడు షిఫ్టుల్లో నడిస్తే, చుట్టుపక్కల వర్క్‌షాపులు చాలావరకు దాని గడియారాన్నే పట్టుకుంటాయి.

1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ఆడవాళ్ళ పనిని ఉదయం 6 నుంచి సాయంత్రం 7 దాకా అని కట్టేసింది. ప్రభుత్వం సడలించినా రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 5 వరకు వీల్లేదంది. మంచికే పెట్టారనుకుందాం. మూడు షిఫ్టుల్లో ఒకటి చేయకూడని మనిషిని ఏ ఫోర్‌మన్ కోరుకుంటాడు? ఆ నిబంధనను 2000లో మద్రాసు హైకోర్టు, 2002లో త్రివేణి కేసులో మన హైకోర్టు కొట్టేశాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ కూడా, ఆడవాళ్ళు ఒప్పుకుంటే, భద్రత ఏర్పాట్లు చేసి రాత్రి పని ఇవ్వొచ్చంది. ఇక చట్టం అడ్డమని చెప్పే వీల్లేదు. మిగిలింది బస్సు, బాత్రూము, మనసు.

బస్సు సంగతి తేలిగ్గా తీసేయకండి. అచ్యుతాపురం బ్రాండిక్స్‌లో వేలమంది ఆడవాళ్ళు కుట్టుపని చేస్తున్నారు. వాళ్ళ కోసం బస్సులు పల్లెల దాకా వెళ్తాయి. ఆడవాళ్ళే కావాలనుకున్న చోట దారులు వాటంతటవే దొరికాయన్నమాట! వెల్డింగ్ షాపుకి రమ్మన్నప్పుడే అవి మాయమవుతాయి.

ఇంకో తలుపు మేస్త్రీ చేతిలో ఉంటుంది. కాంట్రాక్టు ఉద్యోగం ఖాళీ అయిన సంగతి బోర్డెక్కదు, ఆయన ఫోన్‌లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చి, నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డులు పట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కుటుంబాలున్న ఊరిది. స్థానికులకు మొదటి హక్కు ఉండాలనే నేనూ అంటాను. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని 2019లో రాష్ట్రం చట్టమే చేసింది. కానీ మేస్త్రీ నోట్లో ‘స్థానికుడు’ అంటే మా వీధి, మా కులం, మా బావమరిది కొడుకు.

అడ్డు ఆడవాళ్ళకే కాదు. చెవులు వినపడని మా ఎలక్ట్రీషియన్ కుర్రాణ్ణి ఒక కంపెనీ సైరన్ వినపడదని వెనక్కి పంపింది. సైరన్ పక్కన తిరిగే ఎర్ర లైటు పెట్టించమన్నాను. పెట్టించారు, తీసుకున్నారు. తీరా చూస్తే మెషిన్ల హోరులో మిగతావాళ్ళూ ఆ లైటునే చూస్తున్నారట. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం కేటాయించింది. ప్రైవేటుకి ఆ కోటా లేకపోయినా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. గేటు దగ్గర ఆ కాగితం అడిగితే చాలామంది నావంక వింతగా చూస్తారు.

ఈమధ్య ఒక వర్క్‌షాపు ముగ్గురమ్మాయిలను తీసుకుంది, జనరల్ షిఫ్టుకి మాత్రమే. రాత్రి షిఫ్టు అలవెన్సు పోతుంది, అది సరే. రాత్రిపూట మెషిన్ ఆగిపోతే విప్పి బాగుచేయడంలోనే అసలు పనితనం వస్తుంది. రేపు చార్జ్‌హ్యాండ్ పోస్టు అది తెలిసినవాడికే ఇస్తారు. వాళ్ళలో ఒకమ్మాయి తనే సి షిఫ్టు కావాలని అర్జీ పెట్టింది. ఒక్కదాన్నే ఎలా వేస్తాం, తోడు కావాలంటున్నారు. ఇంకో ఇద్దరు ఫిట్టరమ్మాయిల బయోడేటాలు నిన్ననే పంపాను.