తామరల లెక్క వేరు, నరాల లెక్క వేరు

శుక్రవారం సాయంత్రమైతే మా తిరుచానూరులో వీధి ఆడవాళ్లం ఆరేడుగురం ఒకచోట చేరి లలితా సహస్రనామం చదువుకుంటాం. మూలాధారం, మణిపూరం, ఆజ్ఞ, సహస్రారం... చక్రాల పేర్లు అందులో వస్తూనే ఉంటాయి. పుస్తకం చూడకుండా గడగడా చెప్పేది మా వదిన. అందుకే ఆమె పదిరోజుల యోగా శిబిరానికి వెళ్తానంటే మేమెవరం ఆశ్చర్యపోలేదు.

అప్పటికే ఆమెకు అరికాళ్లలో తిమ్మిర్లు. శిబిరంలో ఆ సంగతి చెబితే, "మూలాధారం మేలుకుంటోంది తల్లీ, మంచి సూచన" అన్నారట అక్కడి గురువుగారు. వదిన సంబరం చూడాలి! "చీమలు పాకినట్టుంటే భయపడొద్దన్నాడు అమ్మణ్ణీ. శక్తి పైకి లేస్తా ఉండాదంట" అంది. డిగ్రీ చదివిన నేను కూడా నిజమే కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

ఆరు నెలలు గడిచాయి. కార్తీక బ్రహ్మోత్సవాల్లో పంచమీతీర్థం రోజు అంత జనంలో చెప్పుల్లేకుండా తిరిగి ఇంటికొచ్చింది వదిన. గచ్చు మీద నెత్తుటి అడుగులు చూసి కోడలు కెవ్వుమంది. అరికాల్లో గాజుపెంకు దిగి ఉంది. వదినకు నొప్పే తెలియలేదు!

తిరుపతిలో డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. చక్కెర జబ్బు. చప్పుడు చేయకుండా ఒంట్లో ఉండి పాదాల నరాలను దెబ్బతీసింది. "తిమ్మిర్లు ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది. "ఆరు నెలలకు పైనే." "మరి ఇన్నాళ్లూ ఏం చేశారు?" వదినా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఇంటికొచ్చాక ఉన్న పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. చిక్కంతా 'నాడి' అనే ఒక్క మాటలో ఉందనిపించింది. వైద్యుడు మణికట్టు పట్టుకుని చూసేదీ నాడే. బడి పుస్తకంలో మెదడు, వెన్నుపాము, నరాలు కలిపి నాడీ వ్యవస్థ. యోగశాస్త్రంలో ఇడ, పింగళ, సుషుమ్నలూ నాడులే. హఠయోగ గ్రంథాలు వాటిని 72 వేలంటాయి. పేరొకటే కావడంతో అన్నీ ఒకటే అనుకుంటాం.

వెన్నుపాము నుంచి బయలుదేరే నరాలు 31 జతలు, మెదడు నుంచి నేరుగా వచ్చేవి 12 జతలు. ఇవి కోసి చూస్తే కనబడతాయి. చక్రాల లెక్క అది కాదు. వాటిని పద్మాలనీ అంటారు. మూలాధారానికి 4 రేకులు, స్వాధిష్ఠానానికి 6, మణిపూరానికి 10, అనాహతానికి 12, విశుద్ధానికి 16, ఆజ్ఞకు 2. కూడితే 50. సంస్కృత వర్ణమాలలోని అక్షరాల లెక్క ఇది. రేకుకో అక్షరం. సాధకుడు మనసు నిలపడానికి లోపల గీసుకున్న ముగ్గు అన్నమాట.

ఈ ముగ్గును శరీరంలో వెతికినవాళ్లు లేకపోలేదు. తర్వాత 1875లో ఆర్యసమాజం స్థాపించిన దయానంద సరస్వతి, యువకుడిగా గంగ ఒడ్డున తిరిగే రోజుల్లో నదిలో కొట్టుకొచ్చిన శవాన్ని బయటికి లాగి, కత్తితో కోసి, యోగ గ్రంథాలతో పోల్చి చూశారు. ఏదీ సరిపోలేదు. ఆ పుస్తకాలను చింపి శవంతోపాటు నదిలో పారేశానని ఆయనే తన జీవితకథలో చెప్పుకున్నారు.

దానికి పూర్తిగా ఎదురుదారి బొంబాయి డాక్టర్ వసంత్ రేలేది. కుండలిని అంటే వేగస్ నరమేనని 1927లో ఏకంగా పుస్తకం రాశారు. దానికి ముందుమాట రాసిన ఉడ్రాఫ్ దొరే ఆ మాట ఒప్పుకోలేదు!

నాకైతే మా ఊరి పద్మసరోవరం గుర్తొచ్చింది. అమ్మవారు కార్తీక శుద్ధ పంచమినాడు అందులో బంగారు తామరలో వెలసిందంటాం. ఇప్పుడు కోనేరు తోడించి వెతికితే ఆ తామర దొరుకుతుందా? దొరకలేదని దండం పెట్టడం మానేస్తామా? అలాగని ఆ తామరతో పుండుకు కట్టు కట్టలేం కదా!

మరి చక్రాలకూ నరాలకూ చుట్టరికమే లేదా? ఉంది, ఊపిరి దగ్గర. మణిపూరం ఉందనే చోట, పొట్ట వెనక నిజంగానే పెద్ద నరాల అల్లిక ఉంది. అనాహతం చోట గుండెకు వెళ్లే నరాల అల్లిక ఉంది. డాక్టర్ రేలే చెప్పిన వేగస్ నరం మెదడు అడుగు నుంచి మెడ మీదుగా గుండెకూ, ఊపిరితిత్తులకూ, పేగులకూ దిగుతుంది. ఊపిరి నెమ్మదిగా వదిలితే ఈ నరం పనిచేసి గుండె వేగం తగ్గుతుంది. ధ్యానంలో నెమ్మది కలగడానికి ఇదొక కారణం.

2001లో ఇటలీ వైద్యుడు బెర్నార్డి బృందం 23 మందిచేత క్రైస్తవుల జపమాల ప్రార్థన, ఒక బౌద్ధ మంత్రం చదివించింది. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరుసార్లకు దిగింది. రక్తపోటును సర్దే ఏర్పాటు మెరుగైంది. వాళ్లు మన సహస్రనామాన్ని పరీక్షించలేదనుకోండి. కానీ నింపాదిగా చదివితే ఊపిరి ఎలా నిదానిస్తుందో మీరే చూసుకోవచ్చు.

కాబట్టి ధ్యానం మానొద్దు. కానీ తిమ్మిర్లు, మంటలు, పట్టు తప్పడం తగ్గకుండా ఉంటే అది ఏ చక్రమోనని ఆలోచిస్తూ కూర్చోకండి. చక్కెర, బి 12 విటమిన్ పరీక్షలు చేయించమని డాక్టర్ని అడగండి. మూతి పక్కకు పోయినా, ఒక చెయ్యీ కాలూ హఠాత్తుగా పడిపోయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మా వదిన గాయం మానింది గానీ స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పుడు వేళకు మాత్రలు మింగుతోంది. ఇంట్లోనూ మెత్తటి చెప్పులే. రాత్రి పడుకోబోయే ముందు చేతి అద్దం పట్టుకుని అరికాళ్లు చూసుకుంటుంది. మొన్న శుక్రవారం సహస్రనామం మధ్యలో మూలాధారం మాట రాగానే నా వైపు చూసి నవ్వింది.

పారాయణం అయ్యాక పక్కింటావిడ తన కాళ్లలోనూ ఏదో పాకినట్టుందని అంది. వదిన వెంటనే "రేపు పొద్దున్నే పరగడుపున పోయి నెత్తురిచ్చిరా మే. అమ్మవారు ఎక్కడికీ పోదులే!" అంది.