సీతాఫల్‌మండి దాటితే ఆర్ట్స్ కాలేజీ

సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా వైపు ఎంఎంటీఎస్ ఎక్కి సీతాఫల్‌మండి దాటారా, ఇక వరసగా ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా, విద్యానగర్. స్టేషన్ల పేర్లలోనే ఇంత చదువున్న రైలు మార్గం ఇంకోటి ఉంటుందనుకోను. పట్టాల పక్క సందుల్లోకి వెళ్తే బోర్డులు: టెక్నో, కాన్సెప్ట్, ఐఐటీ ఫౌండేషన్. ఆ బోర్డుల కింద ఫీజు రసీదు మడిచి జేబులో పెట్టుకునే తండ్రుల మాట మాత్రం ఏ బడి దగ్గరైనా ఒకటే: "మార్కులైతే వస్తున్నయి సార్, చదువే వస్తలేదు."

ఈ గోడు పాతదే. ఎంత పాతదంటే, మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1822లో జిల్లాల్లో బడుల లెక్క తీయమన్నాడు. మరుసటి ఏడాది బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ జవాబు పంపాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు బళ్లారిలోదే. ఆయన 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చు వేయించినవాడు కాబట్టి వీధి బడిలో ఏం జరుగుతోందో చెవితో విని పట్టుకోగలడు. జిల్లాలో 533 బడులు ఉన్నాయని లెక్క తేల్చి, చదువు క్షీణిస్తోందనీ జనం పేదరికంలో పడడమే కారణమనీ రాశాడు. అంతటితో ఆగలేదు. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతారు, అర్థం మాత్రం తెలియదు, చాలాచోట్ల పంతులుకీ తెలియదు అన్నాడు. రెండు వందల ఏళ్లు దాటింది. పద్యాల స్థానంలోకి "ఇంపార్టెంట్ క్వశ్చన్లు" వచ్చాయి.

మార్కుల సంగతి. తెలంగాణలో 2025 పదో తరగతి ఉత్తీర్ణత 92.78 శాతం. దానికి ముందు 2020, 2021ల్లో కోవిడ్ పుణ్యమా అని అందరూ పాసే. 2022లో 11 పేపర్లు ఆరయ్యాయి, మళ్లీ పదకొండుకు వెళ్లలేదు. జీపీఏ పోయి 2025లో మార్కులు తిరిగొచ్చాయి గానీ కార్పొరేట్ బడుల పేజీ నిండా ప్రకటనలు పోలేదు. అంకె మారింది, ఫొటోలు అవే సైజు.

ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారి ఈ లెక్క తలకిందులైంది. 2021లో నూటికి నూరు, 2022లో 67.26. ప్రభుత్వాన్ని ప్రతిపక్షం తిట్టింది, టీచర్లను తల్లిదండ్రులు తిట్టారు. నన్నడిగితే ఆ 67 కన్నా అంతకుముందు ఏడాది వచ్చిన వంద మీద కోపం రావాల్సింది.

ఎందుకంటే సరిగ్గా ఆ 2022లోనే అసర్ సర్వే వచ్చింది. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన ఈ సర్వే పిల్లల్ని బడిలో కాదు, ఇంటి దగ్గరే పరీక్షిస్తుంది. పిల్లాడి చేతిలో ఒక కాగితం పెడతారు. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ, అంతే. మార్కుల్లేవు, ర్యాంకు లేదు. మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్లు తెలంగాణలో 2018లో 17.4 శాతం, 2022లో 5.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కు దిగారు. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి రెండూ కలిపిన లెక్క ఇది. కోవిడ్ దెబ్బ అందులో పెద్దదే, కాదనలేం. కానీ 2018 అంకె కోవిడ్‌కు ముందుది కదా.

ఇందులో ఇంకో తిరకాసు: అసర్ గ్రామీణ సర్వే. ఆ అంకెల్లో సీతాఫల్‌మండి, వారాసిగూడ, చిలకలగూడ పిల్లలు లేరు.

అమెరికా వెళ్తే ఈ బాధ తప్పుతుందనుకునేవారికి: అక్కడి జాతీయ పరీక్షలో 2024లో ఎనిమిదో తరగతి పిల్లల్లో 33 శాతం మంది చదవడంలో కనీస స్థాయిని అందుకోలేదు. ఆ పరీక్ష చరిత్రలో ఇంతమంది ఎప్పుడూ లేరు. బడులు దిగజారి దేశమే ప్రమాదంలో పడిందని రీగన్ కాలంలోనే, 1983లో, అక్కడి ప్రభుత్వ కమిషన్ నివేదిక ఇచ్చింది. అక్కడున్న మనవాళ్లు దీనికి కనిపెట్టిన విరుగుడు ఇల్లు. ఫ్రిస్కోలోనో కమింగ్‌లోనో ఇల్లు చూసేటప్పుడు పడకగదుల కన్నా ముందు స్కూల్ రేటింగ్ అడుగుతారు. అక్కడా పదికి పదే కావాలి!

అదే అమెరికాలో చిట్టూరి రత్నం 1989లో నార్త్ సౌత్ ఫౌండేషన్ పెట్టారు. స్పెల్లింగ్ పోటీలు నడుపుతూ ఇండియాలో పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇస్తుందది. జాతీయ స్పెల్లింగ్ బీ 2024 విజేత బృహత్ సోమ కుటుంబానిది నల్గొండ. చివరి పోరులో 90 సెకన్లలో 29 మాటల స్పెల్లింగ్ సరిగ్గా చెప్పాడు.

ఇక దిద్దేవాళ్ల ముచ్చట. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా పడింది. మళ్లీ చూస్తే 99. తల్లిదండ్రులు నాంపల్లి ఇంటర్ బోర్డు ముందు బైఠాయించారు. ఫెయిలైన మూడు లక్షలకు పైగా పిల్లల జవాబు పత్రాలను ఉచితంగా సరిచూస్తే వెయ్యికి పైగా మంది పాసయ్యారు. ఈలోపే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రమాణాలు పడిపోయాయని పిల్లల్ని అనే ముందు ఈ లెక్క చూడాలి.

పీసా అని అంతర్జాతీయ పరీక్ష ఉంది, పదిహేనేళ్ల పిల్లలకు. 2009 విడతలో ఇండియా తరఫున తమిళనాడు, హిమాచల్‌ప్రదేశ్ రాశాయి. 74 చోట్లలో 72, 73 స్థానాలు వచ్చాయి. ప్రశ్నలు మన పిల్లల పరిసరాలకు తగ్గట్టు లేవని ఢిల్లీ అలిగింది. పరీక్ష రోజు జ్వరం తెచ్చుకునే వెనకబెంచీ కుర్రాడిలా దేశం మళ్లీ ఆ పరీక్షకు కూర్చోలేదు. చండీగఢ్ పిల్లలతో రాయిస్తామన్న మాటా అమలు కాలేదు. పిల్లలతో మాత్రం వారం వారం స్లిప్ టెస్టులు రాయిస్తూనే ఉన్నాం.