గ్లాసులో కాదు.. మనసులో ఉంది లోతు!

కొత్త ఉద్యోగం. మొదటి నెల. శుక్రవారం సాయంత్రం టీమ్ డిన్నర్. మీ ముందుకు ఓ గ్లాసు జరిపి 'ఏంటీ, తాగవా? ఒక్క సిప్పే కదా!' అంటాడు సీనియర్. వద్దంటే కలుపుగోలుతనం లేదనుకుంటారేమో! సరేనంటే ఇంట్లో అమ్మానాన్నల ముఖాలు గుర్తొస్తాయి. అటూఇటూ కాని ఆ అర నిమిషంలో మీరేం చేస్తారు? ఈ ప్రశ్నకు ఓ మంచి దారి మీరు రాత్రి పన్నెండింటి దాకా మేలుకొని చూసే అనిమేలోనే ఉంది. అదేంటో చూద్దాం రండి.

పొద్దున్నే బీరు తాగే టీచరు

మకోతో షిన్‌కాయ్ 2013లో తీసిన 'ద గార్డెన్ ఆఫ్ వర్డ్స్' చూశారా? ముప్పావుగంటే ఉంటుంది. పదిహేనేళ్ల తకావో వానపడిన రోజు మొదటి పీరియడ్ ఎగ్గొట్టి టోక్యోలోని షిన్‌జుకు గ్యోయెన్ తోటకి వెళ్తాడు. చెప్పులు, బూట్లు తయారుచేసేవాడు కావాలని అతడి కల. అక్కడి మండపంలో కూర్చుని బూట్ల బొమ్మలు వేసుకుంటాడు. ఓ రోజు అదే మండపంలో ఆఫీసు దుస్తుల్లో ఉన్న ఒకావిడ కనిపిస్తుంది. పేరు యుకినో. పొద్దున్నే బీరు తాగుతూ, నంజుకోవడానికి చాక్లెట్ తింటూ ఉంటుంది. ఆ తోటలోకి మద్యం తేవడమే నిషేధం!

మనమైతే ఏమనుకుంటాం? 'ఇదేం మనిషి, తెల్లారకుండానే మొదలెట్టింది' అంటాం. సినిమా మాత్రం తీర్పు చెప్పదు. కాసేపు ఆగమంటుంది. మెల్లగా అసలు సంగతి తెలుస్తుంది. ఆవిడ ఓ టీచరు. విద్యార్థులు పుట్టించిన పుకార్లతో నలిగిపోయింది. రోజూ బడికని తయారై బయల్దేరుతుంది, కానీ అక్కడిదాకా వెళ్లలేకపోతుంది. నోటికి రుచి కూడా తెలియడం మానేసింది. బీరు, చాక్లెట్ మాత్రమే తెలుస్తున్నాయి. అంటే ఆ డబ్బా ఆవిడ సరదా కాదు, ఆవిడ చెప్పుకోలేని బాధ!

ఇక చివరి ఘట్టం. యుకినో కాళ్లకు చెప్పుల్లేకుండా మెట్ల మీదికి పరుగెత్తుకొస్తుంది. తకావో కోపంతో మనసులో ఉన్నదంతా అనేస్తాడు. ఆవిడ బోరుమంటుంది. చూసేవాళ్లకూ కన్నీళ్లాగవు. గమనించండి, ఆ నిమిషంలో ఎవరి చేతిలోనూ బీరు డబ్బా లేదు. అంత లోతైన నిజం మత్తులో బయటపడలేదు. ధైర్యం చేసినందుకు బయటపడింది.

కన్నీళ్లు ఎందుకొస్తాయి?

'కార్టూన్ చూసి ఏడుస్తావేంట్రా' అని ఇంట్లో ఆటపట్టిస్తారు కదా? ఏడిపించేది బొమ్మ కాదు, ఆ పాత్ర చెప్పకుండా మింగేసిన మాట. జపనీయుల్లో దీనికి రెండు పదాలున్నాయి. పైకి కనిపించే మర్యాద 'తతెమాయె'. లోపల దాచుకున్న అసలు మాట 'హొన్నె'. మన భాషలో చెప్పాలంటే మొహమాటం, మనసులో మాట. మంచి అనిమే ఈ రెంటి మధ్య దూరాన్ని ఎపిసోడ్ల కొద్దీ పెంచుకుంటూ పోతుంది. ఏదో ఒక క్షణంలో ఆ దూరం చెరిగిపోతుంది. మన గుండె బరువెక్కేది అప్పుడే.

'ఫ్రీరెన్'నే తీసుకోండి. 2023లో వచ్చిన ఈ సిరీస్ మొదలయ్యేదే పెద్ద యుద్ధం ముగిశాక! వెయ్యేళ్లకు పైగా బతికిన ఫ్రీరెన్‌కు స్నేహితులతో తిరిగిన పదేళ్లు రెప్పపాటు. మళ్లీ కలుద్దామని వెళ్లి యాభై ఏళ్లకు తిరిగొస్తుంది. అప్పటికి హిమ్మెల్ ముసలివాడు. కొన్నాళ్లకే కన్నుమూస్తాడు. అతడి గురించి తెలుసుకోవడానికి ప్రయత్నమే చేయలేదే అని అంత్యక్రియల్లో ఆమె ఏడుస్తుంది. అదే బృందంలోని పూజారి హైటర్ మహా తాగుబోతు. అతడి తాగుడు మీద జోకులూ ఎక్కువే. అలాంటివాడు ఓ అనాథ పాపను పెంచాల్సి వచ్చాక మద్యం మానేస్తాడు. దాని గురించి పెద్ద ఉపన్యాసం ఉండదు. ఒక్క మాటలో తేలిపోతుంది. అందుకే అంతలా తాకుతుంది.

సతోషి కోన్ తీసిన 'టోక్యో గాడ్‌ఫాదర్స్' (2003)లో గిన్ ఇంకో రకం. వీధిపాలైన తాగుబోతు. భార్యాబిడ్డలు చనిపోయారని తోటివాళ్లకు కథ చెబుతాడు. నిజానికి వాళ్లు బతికే ఉన్నారు. తాగుడు, జూదం, అప్పులతో కుటుంబాన్ని వదిలేసి వచ్చింది తనే. ఆ సిగ్గును అబద్ధంతో కప్పుకున్నాడు. నర్సుగా పనిచేస్తున్న కూతురు ఎదురుపడినప్పుడు అతడి ముఖం చూడాలి! సినిమా అతణ్ని వెనకేసుకురాదు, అలాగని ఛీకొట్టదు. మనిషిగా చూస్తుంది.

ఇంకో కిటుకు మౌనం. మాటకూ మాటకూ, పనికీ పనికీ మధ్య వదిలే ఖాళీని జపాన్‌లో 'మ' అంటారు. 'స్పిరిటెడ్ అవే' (2001)లో చిహిరో నీళ్ల మీద రైల్లో వెళ్లే దృశ్యం గుర్తుందా? అక్కడ దాదాపు ఏమీ జరగదు. ఆ ఖాళీలోకి మన బెంగ, మన ఇల్లు, మన ఒంటరితనం వచ్చి కూర్చుంటాయి.

తాగుడును నవ్వులాటగా చూపించేవీ లేకపోలేదు. కాలేజీ డైవింగ్ క్లబ్బు కథ 'గ్రాండ్ బ్లూ' పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తుంది. నవ్వుకోండి, అంతవరకే! అందులోలా గటగటా తాగించే పోటీలను జపాన్‌లో 'ఇక్కి నొమి' అంటారు. అవి నిజ జీవితంలో విద్యార్థుల ప్రాణాలు తీశాయి.

ఆఫీసయ్యాక 'అసలు మాట'

మనసులో మాట పైకి చెప్పలేని చోట, అది చెప్పడానికి ఓ వేళంటూ కావాలి. జపాన్ ఆఫీసుల్లో ఆ వేళే 'నొమికాయ్', అంటే కలిసి తాగే కూటమి. కొత్తవాళ్లొస్తే ఒకటి, బదిలీ మీద వెళ్లేవాళ్లకు ఒకటి, డిసెంబరులో ఏడాది కష్టాలు మరిచిపోవడానికి 'బోనెన్‌కాయ్' అని ఇంకొకటి. పగలు బాసు ముందు తలెత్తని ఉద్యోగి రాత్రి అదే బాసుతో మనసు విప్పుతాడు. 'నొము' అంటే తాగడం. దానికి కమ్యూనికేషన్‌ను అతికించి 'నొమినికేషన్' అని పేరు కూడా పెట్టుకున్నారు.

వినడానికి బాగానే ఉంది. మరి తాగనివాళ్ల సంగతి? తాగలేనివాళ్ల సంగతి? జపనీయుల్లో చాలామందికి మద్యాన్ని అరిగించే ఎంజైము పుట్టుకతోనే సరిగా పనిచేయదు. ఓ గ్లాసుకే ముఖం ఎర్రబడి గుండె దడదడలాడుతుంది. అలాంటివాళ్లనూ బలవంతపెట్టడాన్ని అక్కడ 'అరుహరా' అంటున్నారు. ఆల్కహాల్ హెరాస్‌మెంట్‌కు పొట్టి పేరు అది. ఓ తప్పుకు పేరంటూ వచ్చిందంటే సమాజం దాన్ని గుర్తించడం మొదలుపెట్టిందనే అర్థం.

అక్కడా గాలి మారింది

ఇప్పుడు జపాన్ కుర్రకారు నొమికాయ్ అంటే పెద్దగా మోజు పడటం లేదు. 2021లో నిప్పన్ లైఫ్ బీమా సంస్థ సర్వే చేస్తే సుమారు 60 శాతం మంది 'నొమినికేషన్ అక్కర్లేదు' అన్నారు. అక్కడ సగటున ఒక్కొక్కరు ఏడాదికి తాగే మద్యం 1995లో 100 లీటర్లుంటే 2020కి 75 లీటర్లకు తగ్గింది. పన్నుల రాబడిలో మద్యం వాటా 1980లో 5 శాతం, 2020లో 1.7 శాతం. దిగులుపడిన పన్నుల శాఖ 2022లో 'సాకె వివా' పేరుతో పోటీ పెట్టింది. మద్యం గిరాకీ పెరగడానికి 20 నుంచి 39 ఏళ్లవాళ్లను ఐడియాలు అడిగింది! దేశవిదేశాల్లో విమర్శలూ వచ్చాయి.

మరోవైపు 2024 ఫిబ్రవరిలో అదే దేశపు ఆరోగ్యశాఖ మద్యంపై మొదటిసారి మార్గదర్శకాలిచ్చింది. రోజుకు మగవాళ్లు 40 గ్రాములు, ఆడవాళ్లు 20 గ్రాములు, ఆపైన స్వచ్ఛమైన ఆల్కహాల్ తీసుకుంటే జీవనశైలి జబ్బుల ముప్పు పెరుగుతుందని చెప్పింది. 5 శాతం ఘాటున్న అర లీటరు బీరులో ఉండేది 20 గ్రాములు. ఎంత తక్కువ తాగినా పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చేసింది.

మన మొహమాటం మాటేంటి?

మన దగ్గర లెక్క వేరు. తాగుడంటే కొంపలు కూల్చేదని చూసిన ఊళ్లు మనవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. మరుసటి ఏడాదే సారా నిషేధం వచ్చింది. ఆ కథలు మన ఇళ్లలో ఇంకా బతికే ఉన్నాయి. మరోవైపు హాస్టల్ గదిలో, బర్త్‌డే ట్రీట్‌లో 'మామా, ఒక్క పెగ్గే' అనే గొంతులూ ఉన్నాయి. ఇంట్లో చెబితే తిడతారని దాపరికం. దోస్తుల దగ్గర కాదంటే నవ్వుతారని మొహమాటం. ఈ రెంటి మధ్య మీ హొన్నె నలిగిపోతుంది.

అందుకే తాగాలా, వద్దా అనే ప్రశ్న కంటే ముందు ఇంకొకటి వేసుకోండి. 'నేను ఒప్పుకొంటున్నది ఇష్టమై కాదు, చెప్పలేకనా?' చెప్పలేకే అయితే మీరు నేర్చుకోవాల్సింది తాగడం కాదు, చెప్పడం. కెరియర్‌లో అదెంత పెద్ద నైపుణ్యమో తర్వాత తెలుస్తుంది. పని గడువులోగా కాదని చెప్పడానికీ, తప్పు జరిగిందని ఒప్పుకోవడానికీ, జీతం పెంచమని అడగడానికీ కావాల్సింది అదే గొంతు.

జపాన్ కంపెనీలవైపు చూస్తున్నారా?

శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ సంస్థలున్నాయి. ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణ నిర్మాణానికి జపాన్ ఆర్థిక సాయం అందింది. అనిమేతో మొదలై జపనీస్ నేర్చుకుని, జేఎల్‌పీటీ రాసి ఉద్యోగాలకు వెళ్లేవాళ్లూ ఉన్నారు. మీరూ ఆ దారిలో ఉంటే ఇవి గుర్తుంచుకోండి.

• వయసు: జపాన్‌లో 2022 ఏప్రిల్ నుంచి 18 ఏళ్లకే మేజర్లు. మద్యానికి మాత్రం 20 నిండాల్సిందే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 21.

• వద్దని చెప్పడం: 'సుమిమాసెన్, ఒసకె వా నొమెమాసెన్'. అంటే 'క్షమించండి, నేను మద్యం తాగలేను'. నవ్వుతూ ఒక్కసారి చెప్పండి చాలు. పది కారణాలు చెబితే పది వాదనలొస్తాయి.

• కలిసి ఉండటం: ఊలాంగ్ టీ తెప్పించుకోండి. అందరితో పాటు 'కాన్‌పాయ్' అనండి. అప్పటిదాకా గ్లాసు నోట పెట్టకూడదు. మీ గ్లాసు సీనియర్ గ్లాసు కంటే కాస్త కిందుగా ఉంచి తాకించడం మర్యాద. మీరు తాగకపోయినా పక్కవాళ్ల గ్లాసు ఖాళీ అయితే సీసా రెండు చేతులతో పట్టుకుని పోయొచ్చు.

• బయటపడటం: మొదటి విడత అయ్యాక 'నిజికాయ్' అని రెండో చోటికి బయల్దేరతారు. సెలవు తీసుకోవడానికి అదే సరైన సమయం.

• బండి: తాగి నడిపినవాళ్లనే కాదు, తెలిసీ ఆ బండి ఎక్కినవాళ్లనూ, తాగించినవాళ్లనూ అక్కడి చట్టం వదలదు. 2024 నవంబరు నుంచి సైకిలుకూ శిక్షలు కఠినమయ్యాయి.

ఇంటర్వ్యూలో అనిమే గురించి అడిగితే..

హాబీల్లో 'అనిమే చూడటం' అని రాసి ఊరుకోకండి. అడిగితే 'బాగుంటుంది సార్' దగ్గరే ఆగిపోతే లాభం లేదు. ఒక్క కథ ఎంచుకోండి. అందులో ఏ పాత్ర ఏ మాట దాచుకుంది, ఎప్పుడు చెప్పింది, అది చూశాక మీలో ఏం మారిందో నాలుగు వాక్యాల్లో చెప్పడం సాధన చేయండి. ఎదుటి మనిషి చెప్పని మాటను పట్టుకోగలరని దాంతో తెలుస్తుంది. కస్టమర్‌తో మాట్లాడాలన్నా, టీమ్‌లో కలిసి పనిచేయాలన్నా కావాల్సిన గుణం అదే కదా!

ఇంకో జాగ్రత్త. అనిమే హీరోల భాష ఆఫీసులో పనికిరాదు. వాళ్లు 'నేను' అనడానికి మగరాయుళ్లలా 'ఒరె' అంటారు. మీరు ఇంటర్వ్యూలో 'వతాషి' అనాలి. 'ఒరె' అంటే మన దగ్గర బాసును 'ఒరేయ్' అన్నంత పనవుతుంది!

మళ్లీ ఆ శుక్రవారం రాత్రికే వద్దాం. గ్లాసు మీ ముందుకొచ్చింది. అందరూ చూస్తున్నారు. 'నాకు అలవాటు లేదన్నా, నిమ్మసోడా చెప్పండి' అనండి. ఓ అర నిమిషం ఇబ్బందిగా ఉంటుంది. తర్వాత కబుర్లు మొదలవుతాయి. పక్కనున్న కొత్త కుర్రాడు మెల్లగా 'నాక్కూడా అదే' అంటాడేమో, ఎవరికి తెలుసు? అతడూ అప్పటిదాకా ఆ మాట మింగుకునే కూర్చుని ఉండొచ్చు.