పిండి పనిల దమ్మొస్తుందా? పని ఇడిసిపెట్టకముందే పరీక్ష చేపిచ్చుకో

దగ్గు తగ్గుత లేదని దవాఖానకు పోతే మొదాలు అడిగేది – బీడీ, సిగరెట్ తాగుతవా? రెండోది – ఇంట్ల ఎవరికన్న దమ్మున్నదా? రెంటికీ లేదంటే ఒక సిరప్పు, నాలుగు గోలీలు రాసి పంపుతరు. నువ్వేం పని చేస్తవని అడిగేటోళ్లు మస్తు తక్కువ. బేకరీల, పరాట సెంటర్ల, పిండి గిర్నీల, గల్ఫ్‌ల కుబ్బూస్ కాల్చే కాడ పనిచేసే మన పోరగాండ్లకు ఆ ఒక్క ప్రశ్న అడగకపోవుడే పెద్ద నష్టం.

ఈ ప్రశ్న కొత్తది గాదు. ఇటలీ డాక్టర్ బెర్నార్డినో రామజ్జిని 1700 సంవత్సరంలనే పనులతోని వచ్చే రోగాల మీద పుస్తకం అచ్చేసిండు. రోగిని నీ పనేందని అడగాలని డాక్టర్లకు చెప్పిండు. రొట్టెలు కాల్చేటోళ్లు, పిండి పట్టేటోళ్లు దుమ్ముతోని దగ్గు, ఆయాసం పాలైతున్నరని గూడ రాసిండు. మూడు వందల ఏండ్లు దాటినా నేను చూసిన ఓపీ చీటీల మీద పేరు, వయసే ఉంటున్నయి.

అసలు ఏమైతది? గోధుమ పిండిల ఉండే ప్రోటీన్లు సన్నటి దుమ్ముతోని ముక్కులకు, ఊపిరితిత్తులకు పోతయి. కొందరి ఒంట్లె వాటిని శత్రువులనుకొని ఐజీఈ అనే యాంటీబాడీలు తయారైతయి. ఇగ అప్పటిసంది కొంచెం దుమ్ము పీల్చినా శ్వాస గొట్టాలు వాచి బిగుసుకపోతయి. బ్రెడ్ మంచిగ పొంగాలని కలిపే ఇంప్రూవర్ పొడిల ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైము ఉంటది, దాంతోని గూడ ఇదే అలర్జీ వస్తది. సోయా పిండి, నిలువున్న పిండిల పడే కంటికి కనపడని పురుగులు గూడ కారణం కావచ్చు.

ఇది పనిల చేరిన మొదటి రోజు రాదు. నెలలు, ఒక్కోసారి ఏండ్లు పడ్తది. అందుకే "ఇన్నేండ్ల సంది చేస్తున్న, ఇప్పుడెందుకొస్తది" అనుకుంటరు. మస్తు మందికి ముందుగాల తుమ్ములు, ముక్కు కారుడు, కండ్లు దురద. ఆ తర్వాత దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టు అవుడు. ఇంకో తిరకాసు ఉన్నది. కొందరికి పిండి కాడ ఉన్నప్పుడు ఏం గాదు. నాలుగు నుంచి ఎనిమిది గంటలైనంక, రూముకొచ్చి పండుకున్నప్పుడు దమ్ము లేస్తది. అప్పుడు తప్పు రూము చెమ్మ మీద పడ్తది. చాలామందికి చపాతి, బ్రెడ్ తింటే ఏం గాదు. దాంతోని "రోజూ తింటనే ఉన్న, నాకు అలర్జీ ఏంది" అని నమ్మరు.

బతుకమ్మకు, దసరాకు ఊరికొచ్చి పది రోజులుంటే దగ్గు తగ్గుతది. ఊరి గాలి మంచిదంటం. తిరిగి పోయినంక మళ్ల మొదలైతే పట్నం పొల్యూషన్ అంటం. గాలి గూడ కారణం గావచ్చు. గని ఆ పది రోజులు నువ్వు పిండి ముట్టలేదు గద. డాక్టర్‌కు ఫస్టు చెప్పాల్సిన ముచ్చట ఇదే: సెలవుల తగ్గుతున్నది, పనికి పోతే పెరుగుతున్నది. రోగం పాతదైతే వారానికి ఒక్క రోజు సెలవుతోని తగ్గకపోవచ్చు, అందుకే పెద్ద సెలవుల ఎట్లున్నదో గుర్తు పెట్టుకో.

ఇగ పరీక్షలు. దగ్గు రెండు వారాలు దాటితే ముందుగాల తెమడ పరీక్ష చేపియ్యాలె. సర్కారు దవాఖానల ఫ్రీ. టీబీ లేదన్నరని ఆడ ఆగొద్దు. దమ్మున్నోళ్లకు ఎక్స్‌రే మంచిగనే రావచ్చు.

తర్వాత స్పైరోమెట్రీ. మిషన్లకు గట్టిగ ఊదాలె, మందు పీల్చి మళ్ల ఊదాలె. మొదటి సెకండుల వచ్చే గాలి 12 శాతం, అండ్ల కనీసం 200 మిల్లీలీటర్లు పెరిగితే దమ్మనేటందుకు గట్టి గురుతు. సెలవు దినం చేస్తే నార్మల్ గూడ రావచ్చు.

దమ్మున్నదని తేలినా, అది పనితోని వచ్చిందని చూపెట్టేది పీక్ ఫ్లో మీటర్. చిన్న ప్లాస్టిక్ గొట్టం, కొన్ని వందల రూపాయలకు మందుల దుకాణంల దొరుకుతది. రోజుకు కనీసం 4 సార్లు, 4 వారాలు ఊదాలె. ప్రతిసారి 3 మాట్ల ఊది పెద్ద నంబరు రాయాలె. పక్కన తారీఖు, టైము, ఆ రోజు పనా సెలవా, పిండి కలిపినవా జల్లెడ పట్టినవా, ఇన్‌హేలర్ వాడినవా – ఇవన్ని రాయాలె. మధ్యల సెలవు రోజులు గూడ ఉండాలె. ఉదాహరణకు ఇంటికాడ 450 ఊదేటోడు పని రోజుల 340కి పడి, సెలవుల మళ్ల లేస్తున్నడంటే ఆ కాయితం డాక్టర్‌కు మస్తు చెప్తది.

చర్మం మీద చేసే ప్రిక్ టెస్టు, రక్తంల ఐజీఈ టెస్టు పిండికి నీ ఒళ్లు ఎదురు తిరుగుతుందా లేదా చెప్తయి. గని పాజిటివ్ వచ్చినోళ్లందరికీ దమ్ము ఉండదు, నెగెటివ్ అయితే లేదని గూడ గాదు. అన్నీ కలిపి చూడాలె. పిండి దుమ్ము పీల్పిచ్చి చూసే పరీక్ష పెద్ద సెంటర్లల్ల, డాక్టర్ల కండ్ల ముంగటనే చెయ్యాలె. ఇంట్ల ఎవ్వలూ సొంతంగ చేసుకోవద్దు.

అందుకే అంటున్న, పని ఇడిసిపెట్టి ఊరికొచ్చినంక పరీక్షకు పోతే లెక్క తేలుడు కష్టం. పని చేస్తున్నప్పుడే చేపిచ్చుకోవాలె. డాక్టర్ చెప్పకుండ మందులు ఆపొద్దు. మాట్లాడలేనంత దమ్మొస్తే చార్టు, డ్యూటీ అన్ని పక్కకు పెట్టి ఎమర్జెన్సీకి ఉరుకాలె. ఎంత జల్ది పట్టుకొని పిండి దుమ్ముకు దూరమైతే అంత మంచిగ తగ్గే అవకాశం ఉంటది. ఏండ్లకు ఏండ్లు పీల్చినోళ్లకు పని మానేసినా దమ్ము ఉండిపోవచ్చు.

మరి పొట్ట సంగతేంది? పని మానుకో అనుడు అల్కగ ఉంటది, నెల ఖర్చు ఎవరిస్తరు? ముందుగాల దుమ్ము తగ్గియ్యాలె, అది మాలిక్ జిమ్మ. మిక్సర్‌కు మూత పెట్టాలె, మొదాలు మెల్లగ తిప్పాలె. సంచిని ఎత్తి గుమ్మరిచ్చుడు, దులుపుడు బంద్ కావాలె. చీపురుతోని ఊడ్చుడుకు బదులు వ్యాక్యూమ్ గాని, తడి బట్ట గాని వాడాలె. మంచి మాస్కు కొంత ఆపుతది, మూతికి కట్టుకున్న దస్తీ ఆపదు. బ్రిటన్‌ల పనికాడ పిండి దుమ్ముకు హద్దు పెట్టిన్రు: 8 గంటల సగటున ఘనపు మీటరు గాలిల 10 మిల్లీగ్రాములు. మన బేకరీ పోరనికి గూడ గవే ఊపిరితిత్తులు.

10 మంది, అంతకు మించి పనిచేసే కాడ, జీతం పరిమితి లోపలున్నోళ్లకు ఈఎస్ఐ ఉండాలె. కార్డున్నదా అని మాలిక్‌ను అడుగు. డాక్టర్ దగ్గర చీటీ మీద నీ పని పేరు రాపిచ్చుకో.

ఇంకొక్క పని. నీ పక్కన పిండి కలిపేటోన్ని అడుగు, వానికి తుమ్ములొస్తున్నయా అని. దగ్గుతున్నడని ఒక్కన్ని తీసేసుడు మాలిక్‌కు అల్క. నలుగురు నాలుగు చార్టులు పట్టుకొని పోతే మిక్సర్‌కు మూత పెట్టుడే అగ్గువ అని ఆయనకు గూడ సమజైతది.