ఇంట్లో పలక, పొలంలో యంత్రం

సూరత్ నగరంలోని ఆల్థాన్ వంటి అపార్ట్‌మెంట్ల ప్రాంతంలో హామ్ రేడియో, అంటే ప్రభుత్వ లైసెన్సుతో లాభాపేక్ష లేకుండా నడిపే అమెచ్యూర్ రేడియో, పెట్టుకోవాలనుకునేవారికి మొదటి చిక్కు చోటే. 7 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేసే మామూలు తీగ యాంటెన్నాకు దాదాపు 20 మీటర్ల పొడవు కావాలి. అది మేడమీద ఎలాగో ఇమిడినా, చుట్టుపక్కల ఇళ్లలోని ఎల్‌ఈడీ దీపాలు, చార్జర్లు పుట్టించే విద్యుత్ రొదలో దూరపు సంకేతాలు మునిగిపోతాయి. యాంటెన్నాను ఊరి బయట నిలిపి, ఇంట్లోంచే ఇంటర్నెట్ ద్వారా నడపడం దీనికి విరుగుడు. భారత లైసెన్సులో రేడియో కేంద్రం ఉండే చోటు నమోదవుతుంది కనుక ముందుగా ఆ అనుమతి చూసుకోవాలి.

1997లో కెనడాలో డేవిడ్ కామెరాన్ ప్రారంభించిన ఐఆర్‌ఎల్‌పీ, 2002లో అమెరికాలో జొనాథన్ టేలర్ రూపొందించిన ఎకోలింక్ అనే హామ్ రేడియో వ్యవస్థలు కూడా ఇంటర్నెట్‌ను వాడినవే అయినా, వాటిలో మాటను ఖండాలు దాటించే పని ఇంటర్నెట్‌దే, రేడియో చివరలకే పరిమితం. దూరనియంత్రిత కేంద్రంలో షార్ట్‌వేవ్ తరంగం ఎప్పటిలాగే అయనావరణాన్ని, అంటే సూర్యకిరణాల వల్ల విద్యుదావేశం పొందిన పైవాతావరణ పొరలను, తాకి వంగి నేలకు దిగుతుంది. ఇంటర్నెట్ మోసేది ఆపరేటరుకూ అతని యంత్రానికీ మధ్య నడిచే శబ్దాన్నీ ఆజ్ఞలనూ మాత్రమే. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, దూరనియంత్రణ రేడియోయే కాదనడం సరికాదు.

కెన్‌వుడ్ టీఎస్-480 అనే ట్రాన్స్‌సీవర్‌లో, అంటే ప్రసారం, స్వీకరణ రెండూ చేసే యంత్రంలో, మీటలున్న ముందుపలక విడిగా ఉండి కేబుల్‌తో యంత్రానికి కలుస్తుంది. స్వీడన్‌లో తయారైన రిమోట్‌రిగ్ పరికరాలు ఆ కేబుల్ స్థానంలో ఇంటర్నెట్‌ను నిలిపాయి. అసలు పరీక్ష మోర్స్‌కోడ్‌ది: నిమిషానికి 20 పదాల వేగంలో ఒక చుక్క నిడివి 60 మిల్లీసెకన్లే కనుక, డేటా ప్యాకెట్లు ఎగుడుదిగుడుగా చేరితే అక్షరాలు చెదిరిపోతాయి, అందుకే వాటిని కొద్దిసేపు నిల్వచేసి సమంగా వదులుతారు, ఆపరేటరుకు తన మోత ఆలస్యంగా వినబడకుండా ఇంటివైపు పరికరంలోనే దాన్ని పుట్టిస్తారు. ప్రసారం మధ్యలో లింకు తెగితే ట్రాన్స్‌మిటర్ తనంతట ఆగిపోయే ఏర్పాటు తప్పనిసరి.

అయితే ఇంటర్నెట్ తెగితే ఈ పద్ధతి ఆగిపోతుంది; 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అండమాన్‌కు వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం సందేశాలు పంపగలిగింది, యంత్రమూ మనుషులూ పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండటం వల్ల. హామ్ రేడియో పోటీల నిర్వాహకులూ స్థానానికి పట్టింపు ఇస్తారు: సీక్యూ డబ్ల్యూడబ్ల్యూ పోటీలో ఆపరేటరు ఏ దేశంలో కూర్చున్నా, కేంద్రపు ట్రాన్స్‌మిటర్లు, రిసీవర్లు 500 మీటర్ల వ్యాసం గల వృత్తంలోపలే ఉండాలి.